పొద్దున అల, సాయంత్రం చక్రాలు: సర్ఫింగ్, స్కేట్‌బోర్డింగ్ కోసం తీరపట్టణానికి వెళ్ళేవారికి సమగ్ర మార్గదర్శి

స్కేట్‌బోర్డు పుట్టిందే అలలు లేని రోజున. 1950ల్లో కాలిఫోర్నియా తీరంలోని కుర్రాళ్ళు సముద్రం చదునుగా పడి ఉన్న రోజుల్లో ఊరుకోలేక, రోలర్ స్కేట్ల చక్రాలను చెక్కపలకకు బిగించి, అల మీద తిరిగే మలుపులే రోడ్డు మీద తిరిగారు. దానికి అప్పట్లో ‘సైడ్‌వాక్ సర్ఫింగ్’ అనే పేరుండేది, అంటే కాలిబాట మీద సర్ఫింగ్. ఆ ఇనుప చక్రాలు, మట్టి చక్రాలు చిన్న రాయి తగిలితే చాలు ఆగిపోయి మనిషిని విసిరేసేవి. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్వర్తీ అనే యువకుడు పాలీయురిథేన్ అనే ప్లాస్టిక్ చక్రాలు తీసుకొచ్చాక గానీ బోర్డు నేలను పట్టుకుని తిరగడం నేర్చుకోలేదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సర్ఫింగ్, స్కేట్‌బోర్డింగ్ రెండూ ఒకేసారి అడుగుపెట్టాయి. నాకు ఆ సంగతి ఎప్పుడూ చాలా సబబుగా అనిపిస్తుంది.

కాబట్టి ఈ రెండింటినీ ఒకే ప్రయాణంలో నేర్చుకోవాలనుకోవడం మంచి ఆలోచన. అయితే చాలామంది రోజును తలకిందులుగా వేసుకుంటారు. పొద్దెక్కాక లేచి, తీరిగ్గా పదకొండింటికి నీళ్ళలో దిగి, గాలికి చెదిరిపోయిన అలలతో కుస్తీ పడతారు. సాయంత్రానికి ఒళ్ళు హూనమై స్కేట్‌పార్క్ గట్టు మీద చూస్తూ కూర్చుంటారు. తీరంలో రోజును పంచేది మనం కాదు, గాలి. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగతా ఏర్పాట్లన్నీ దాని చుట్టూ వాటంతటవే కుదురుతాయి.

ఎందుకో చూడండి. పగలు నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి వచ్చి పడుతుంది. మధ్యాహ్నానికి అది బలంగా వీచి అలల ముఖాన్ని చిందరవందర చేస్తుంది. రాత్రి నేల చల్లబడ్డాక వరస మారుతుంది. అందుకే చాలా తీరాల్లో తెల్లవారుజామున గాలి ఉండదు, లేదా నేల నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. అలా ఎదురొచ్చే గాలి అలను కాసేపు నిలబెడుతుంది, అద్దంలా నున్నగా ఉంచుతుంది. మరోపక్క స్కేట్‌పార్క్ సిమెంటు మీద పొద్దున్నే మంచు తడి ఉంటుంది, చక్రాలు జారతాయి. మధ్యాహ్నం అదే సిమెంటు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అంటే పొద్దున సముద్రం, నడుమ విశ్రాంతి, సాయంత్రం చక్రాలు.

మొదటి అడుగు: ఊరిని ఎంచుకోవడం

ఫొటోలు చూసి ఊరు ఎంచుకోకండి. పెద్ద పెద్ద గొట్టపు అలల ఫొటోలు ఉన్న చోటు అంటే అది మీ చోటు కాదని అర్థం. నేర్చుకునేవాళ్ళకు కావాల్సింది ఇసుక అడుగు, నెమ్మదైన వాలు, నడుము లోతు నీళ్ళలోనే తెల్లనురుగై పొర్లే అలలు. అల తన ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతున్న చోటికి రాగానే విరుగుతుంది. అడుగు మెల్లగా ఎత్తు పెరిగే చోట అల మెల్లగా కూలుతుంది. నీటి కింద రాతిమెట్టు హఠాత్తుగా లేచిన చోట అల కూడా గోడలా లేచి ఒక్కసారిగా పడుతుంది. నేర్చుకునేవాళ్ళు పగడపు దిబ్బల మీద, రాతి ముక్కుల దగ్గర మొదలుపెట్టడం నాకు సుతరామూ ఇష్టం లేదు. పడితే దెబ్బ నీళ్ళకు కాదు, మనకు తగులుతుంది.

ఒకే ఊళ్ళో కూడా తేడాలుంటాయి. సిడ్నీలోని బాండై తీరం చూడండి. స్కేట్ బౌల్, అంటే గిన్నెలా లోతుగా ఉండే సిమెంటు గుంట, దక్షిణపు కొసన, ఇసుకకు ఆనుకునే ఉంటుంది. కానీ కొత్తవాళ్ళకు అనువైన అలలు ఉత్తరపు కొసన ఉంటాయి. దక్షిణం వైపు బలమైన లాగుడు ప్రవాహం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మొరాకోలోని తగజూత్‌లో ఊరి పైన కొండవాలు మీద సముద్రం కనిపించేలా స్కేట్‌పార్క్ ఉంది. అక్కడి పేరున్న యాంకర్ పాయింట్ అల మాత్రం బాగా చెయ్యి తిరిగినవాళ్ళది, కొత్తవాళ్ళు ఇసుక తీరాలకు వెళ్తారు. లాస్ ఏంజెలెస్‌లోని వెనిస్‌లో 2009లో తెరిచిన పార్క్ ఏకంగా ఇసుక మధ్యలోనే ఉంది. కాబట్టి మ్యాప్ ముందు పెట్టుకుని మూడు గుర్తులు పెట్టండి: కొత్తవాళ్ళ అల ఎక్కడ, లైఫ్‌గార్డ్ ఉండే చోటు ఎక్కడ, స్కేట్‌పార్క్ ఎక్కడ. బస మొదటిదానికి దగ్గరగా ఉండాలి. చీకట్లో లేచి బరువైన బోర్డు మోసుకుంటూ వెళ్ళాల్సింది అక్కడికే. పార్క్‌కైతే చక్రాల మీదే వెళ్ళొచ్చు.

పార్క్ విషయంలోనూ అంతే. లోతైన బౌల్ ఒక్కటే ఉంటే కొత్తవాళ్ళకు పనికిరాదు. చదును నేల, మోకాలెత్తు వాలులు, ‘పంప్ ట్రాక్’ అనే ఎగుడుదిగుడు బాట ఉంటే అది బంగారం. దాని మీద కాలు నేలకు తాకించకుండా, ఒంటి బరువును పైకీ కిందికీ కదిపి వేగం తెచ్చుకోవడం నేర్చుకుంటారు. అల మీద చేసేది కూడా సరిగ్గా అదే.

రెండో అడుగు: ఎప్పుడు, ఎన్నాళ్ళు

ప్రతి తీరానికీ పెద్ద అలల కాలం, చిన్న అలల కాలం ఉంటాయి. హవాయిలో ఓహూ దీవినే తీసుకుంటే, ఉత్తర తీరంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇంటెత్తు అలలు లేస్తాయి. అదే దీవి దక్షిణాన వైకీకీలో మెత్తటి అలలకు వేసవి మంచి కాలం. ఆధునిక సర్ఫింగ్‌ను ప్రపంచానికి చూపించిన డ్యూక్ కహనమోకు పెరిగింది ఆ వైకీకీలోనే. కొత్తవాళ్ళు పేరున్న ‘సీజన్’కు కాకుండా, దాని ముందు గానీ తర్వాత గానీ వెళ్ళడం మేలు. జనం తగ్గుతారు, అలలు దయగా ఉంటాయి.

వ్యవధి విషయంలో నా అభిప్రాయం గట్టిది: వారానికి తగ్గితే వెళ్ళకండి. మొదటి రెండు రోజులు ఒళ్ళు నొప్పులకే పోతాయి. మూడో రోజు ఒంటికి కాస్త అర్థమవుతుంది. నడుమ ఒకటి రెండు రోజులు సముద్రమే ఒప్పుకోదు. పది రోజులు దొరికితే ఇంకేం కావాలి.

మూడో అడుగు: ఇంటి దగ్గరే మొదలుపెట్టాల్సింది

ఈత రాకపోతే ముందు ఈత నేర్చుకోండి. ఇందులో రాజీ లేదు. బోర్డు తేలుతుంది కదా, కాలికి తాడు ఉంటుంది కదా అనుకోవద్దు. తాడు తెగుతుంది. కొలనులో ఆగకుండా 200 మీటర్లు ఈది, తర్వాత కంగారు లేకుండా తేలుతూ ఉండగలిగితే చాలు.

రెండోది భుజాలు. సర్ఫింగ్‌లో నిలబడేది క్షణాలు, చేతులతో తెడ్డేసేది గంటలు. నెల ముందు నుంచి రోజూ ఈత, దండీలు, బోర్లా పడుకుని ఛాతీ ఎత్తి ఉంచే కసరత్తు చేయండి. మూడోది లేచి నిలబడే కదలిక, సర్ఫర్లు ‘పాప్-అప్’ అనేది. నేల మీద బోర్లా పడుకోండి. అరచేతులు పక్కటెముకల దగ్గర ఆనించి, ఒక్క ఊపులో నొక్కి, రెండు పాదాలనూ ఒంటి కిందికి తెచ్చి పక్కకు తిరిగి నిలబడండి. మోకాళ్ళ మీద ఆగి లేవడం అలవాటు చేసుకోకండి, తర్వాత ఆ అలవాటు పోదు. రోజుకు ఇరవైసార్లు చేస్తే, నీళ్ళలో ఆలోచించాల్సిన పని ఒకటి తగ్గుతుంది.

ఏ కాలు ముందుండాలో కూడా ఇంటి దగ్గరే తేల్చుకోండి. ఎడమకాలు ముందుంటే ‘రెగ్యులర్’, కుడికాలు ముందుంటే ‘గూఫీ’. నున్నటి గచ్చు మీద మేజోళ్ళతో పరిగెత్తి జారితే ఏ కాలు ముందుకొస్తుందో అదే మీది. సాధారణంగా రెండు బోర్డుల మీదా అదే వరస ఉంటుంది.

నాలుగో అడుగు: ఏం తీసుకెళ్ళాలి, ఏం అద్దెకు తీసుకోవాలి

సర్ఫ్‌బోర్డు కొనకండి, అక్కడే అద్దెకు తీసుకోండి. విమానంలో దాన్ని తీసుకెళ్ళడం ఖర్చు, టెన్షన్ కూడా. అడగాల్సింది 8 నుంచి 9 అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డు. బోర్డు ఎంత తేలుతుందో లీటర్లలో చెబుతారు. మీ బరువు ఎన్ని కిలోలో కనీసం అన్ని లీటర్లైనా ఉండాలి, ఎక్కువున్నా నష్టం లేదు. పొట్టి బోర్డు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, దాని మీద వారమంతా మునుగుతూనే ఉంటారు. తీసుకునేటప్పుడు కాలి తాడు కుట్లు, వెల్క్రో పట్టు, కింద ఉండే రెక్కల బిగువు చూసుకోండి. తాడు పొడవు ఇంచుమించు బోర్డు పొడవంత ఉండాలి.

స్కేట్‌బోర్డు మాత్రం మీదే తీసుకెళ్ళండి. పాదానికి అలవాటైన బోర్డు వేరు. పెద్దవాళ్ళకు సాధారణంగా 8 నుంచి 8.5 అంగుళాల వెడల్పు సరిపోతుంది. అసలు చిక్కంతా చక్రాల దగ్గరే ఉంది. పార్క్ సిమెంటుకు 52–54 మిల్లీమీటర్ల గట్టి చక్రాలు, అంటే 99ఏ ప్రాంతంలోవి, బాగుంటాయి (‘ఏ’ గట్టితనం కొలత, సంఖ్య పెరిగితే చక్రం గట్టిది). కానీ తీరపట్టణాల రోడ్ల మీద ఇసుక, గులకరాళ్ళు, ఉప్పుగాలికి పగిలిన తారు ఉంటాయి. అక్కడ ఆ గట్టి చక్రాలు పళ్ళు కదిలేలా గడగడలాడతాయి. 78ఏ దగ్గరి మెత్తటి చక్రాలు, 60 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉన్నవి, నాలుగు విడిగా వేసుకెళ్ళండి. ఊరు తిరగడానికి మెత్తటివి, పార్క్‌కి గట్టివి. పెద్ద చక్రాలు బిగించినప్పుడు మలుపులో పలకకు రాసుకోకుండా ట్రక్కుకూ (చక్రాలను పట్టి ఉంచే లోహపు ఇరుసు) పలకకూ మధ్య ఎత్తు పెంచే రైజర్ ప్యాడ్ వేయాలి. మార్చడానికి పట్టేది పది నిమిషాలు.

హెల్మెట్, మణికట్టు రక్షణ, మోకాలి ప్యాడ్లు తప్పనిసరి. హెల్మెట్ లోపల ఈఎన్ 1078 గానీ ఏఎస్‌టీఎమ్ ఎఫ్1492 గానీ ముద్ర ఉందో లేదో చూడండి. రెండోది ప్రత్యేకంగా స్కేట్‌బోర్డింగ్ కోసం పెట్టిన ప్రమాణం.

నీటి వేడిమిని బట్టి బట్టలు. 24 డిగ్రీలు దాటితే రాపిడి నుంచి కాపాడే ఒంటికి అతికే చొక్కా చాలు. 18 దగ్గరైతే ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు సూటు, 3/2 వెట్‌సూట్ కావాలి, అంటే ఛాతీ దగ్గర 3, చేతులూ కాళ్ళ దగ్గర 2 మిల్లీమీటర్ల మందం. 14 దగ్గరైతే 4/3. ముఖానికి జింక్ ఆక్సైడ్ పూత రాసుకోండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్లు పగడాలకు హాని చేస్తాయన్న కారణంతో హవాయిలో 2021 నుంచి మామూలు అమ్మకంలో లేకుండా చేశారు.

ఐదో అడుగు: మొదటిరోజు దిగకండి, చూడండి

ఊళ్ళో అడుగుపెట్టగానే నీళ్ళలోకి దూకాలనిపిస్తుంది. ఆపుకోండి. ఒక గంట ఇసుకలో కూర్చుని సముద్రాన్ని చూడటం మొత్తం ప్రయాణంలో అన్నిటికంటే విలువైన పాఠం. అలలు గుంపులుగా వస్తాయి. నాలుగైదు పెద్దవి వరసగా వచ్చి, తర్వాత కొన్ని నిమిషాలు నిశ్శబ్దం. పెద్ద గుంపుల మధ్య ఎంత ఎడం ఉందో గడియారం పెట్టి చూడండి. సర్ఫర్లు ఎక్కడి నుంచి లోపలికి వెళ్తున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు, ఎక్కడ బయటికి వస్తున్నారు అనేది గమనించండి. ఎక్కడా అల విరగని చోటు ఒకటి కనిపిస్తే గుర్తు పెట్టుకోండి, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఫోన్లో అలల అంచనా చూస్తే మూడు సంఖ్యలు కనిపిస్తాయి: ఎత్తు, వ్యవధి, గాలి. అందరూ ఎత్తే చూస్తారు. చూడాల్సింది వ్యవధి, అంటే ఒక శిఖరానికీ తర్వాతి శిఖరానికీ మధ్య సెకన్లు. ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో తుపాను గాలి నీటిని దువ్వితే పుట్టిన అలలు ప్రయాణంలో సర్దుకుని, పొడవాటి వరసలై వస్తాయి. వీటినే ‘స్వెల్’ అంటారు. వ్యవధి ఎంత ఎక్కువైతే అంత లోతు దాకా కదులుతాయి, అంత వేగంగా వస్తాయి. లోతు నీళ్ళలో 14 సెకన్ల స్వెల్ గుంపు గంటకు సుమారు 39 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది, 8 సెకన్లది 22 మాత్రమే. అందుకే ఒక మీటరు ఎత్తు, 6 సెకన్లు అంటే దగ్గరి గాలి రేపిన గజిబిజి. అదే మీటరు, 14 సెకన్లు అంటే ఒడ్డు దగ్గర లేచి మీ అంచనాకంటే గట్టిగా కొట్టే అల. మొదటి వారానికి అర మీటరు నుంచి మీటరు ఎత్తు, 8–11 సెకన్ల వ్యవధి, గాలి లేని పొద్దు, ఇవి కుదిరితే దిగొచ్చు.

నాలుగోది ఆటుపోట్లు. చాలా తీరాల్లో పోటుకూ ఆటుకూ మధ్య ఆరు గంటల పైచిలుకు పడుతుంది. వేళలు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. కాబట్టి సోమవారం ఆరింటికి బాగున్న అల గురువారం ఆరింటికి బాగుండకపోవచ్చు. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీటి ఎత్తులో తేడా ఎక్కువ. ఏ మట్టం దగ్గర మీ తీరం మెత్తగా ఉంటుందో స్థానిక శిక్షకుడిని అడగండి. ఆ ఒక్క జవాబు కోసమే మొదటి రెండు రోజులు పాఠానికి డబ్బు పెట్టినా దండగ కాదు.

ఆరో అడుగు: నీళ్ళలో మొదటి పొద్దులు

జెండాలు చూసి దిగండి. ఎరుపు, పసుపు జెండాల మధ్య చోటు ఈతగాళ్ళది. నలుపు తెలుపు గళ్ళ జెండా బోర్డుల చోటును చూపిస్తుంది. ఎర్రజెండా ఉంటే దిగకండి: కొన్ని దేశాల్లో ఒక్కటి ఉన్నా నీళ్ళలోకి ఎవరూ దిగకూడదని, మరికొన్ని చోట్ల ఒకటి అంటే ప్రమాదం, రెండు అంటే నిషేధం.

నడుము లోతు దాటకండి. బోర్డును పక్కన పట్టుకుని నడవండి. మీకూ అలకూ మధ్య బోర్డు అడ్డంగా ఎప్పుడూ ఉండకూడదు, అల దాన్ని తెచ్చి ఛాతీకేసి కొడుతుంది. తెల్లనురుగు పదడుగుల దూరంలో ఉండగా ఒడ్డు వైపు తిరిగి బోర్డెక్కండి. ఎక్కడ పడుకుంటున్నారన్నదే అసలు సంగతి. మరీ ముందుకైతే ముక్కు మునిగి మనిషి బోర్లా పడతాడు. మరీ వెనక్కైతే బోర్డు లేచి బ్రేకు వేసినట్టు ఆగిపోతుంది. ముక్కు నీటికి నాలుగు వేళ్ళు పైన తేలుతున్నప్పుడు మీ గడ్డం ఎక్కడుందో అక్కడ వ్యాక్సుతో ఒక గీత గీసుకోండి. ప్రతిసారీ గడ్డం అక్కడికే రావాలి.

తర్వాత తెడ్డేయండి. నాలుగు పొడవాటి, లోతైన ఊపులు. నురుగు తాకి బోర్డు తోసినట్టు అనిపించాక ఇంకో రెండు. ఈ రెండు అదనపు ఊపులే చాలామంది మానేస్తారు, అందుకే అల వాళ్ళ కిందనుంచి జారిపోతుంది. బోర్డు తనంతట తాను పరుగు తీస్తోందని తెలిసిన క్షణంలో లేవండి. చూపు ఒడ్డు మీద. కిందికి పాదాల వైపు చూస్తే చూసినచోటే పడతారు. నీళ్ళలో మొదటిరోజు బోర్లా పడుకునే ఒడ్డుదాకా జారడం పదిసార్లు చేయండి, తొందరేం లేదు. నేను లేచి నిలబడ్డ మొదటి క్షణం ఇప్పటికీ ఒంట్లో ఉంది: చప్పుడంతా ఆగిపోయి, నీరు నన్ను మోస్తోందని తెలియడం. అది రెండో రోజు రావచ్చు, ఐదో రోజు రావచ్చు.

పడటం కూడా నేర్చుకోవాలి. తల ముందు పెట్టి దూకకండి, లోతు లేదని మరచిపోతారు. వెడల్పుగా, వెల్లకిలా లేదా పక్కకు పడండి. నీళ్ళలోంచి పైకి వచ్చేటప్పుడు రెండు చేతులూ ముఖానికి, తలకు అడ్డు పెట్టుకోండి. కాలి తాడు సాగి బోర్డును వెనక్కి విసురుతుంది. వెట్‌సూట్‌కు పేరు తెచ్చిన జాక్ ఓనీల్ 1971లో ఎడమ కన్ను పోగొట్టుకుంది తాడు విసిరిన బోర్డు తగిలే.

నీళ్ళలో నడిచేటప్పుడు పాదాలను ఎత్తకుండా ఇసుకలో ఈడుస్తూ నడవండి. ముల్లు తోక ఉన్న టేకు చేపలు ఆ కదలికకు పక్కకు తప్పుకుంటాయి. ముల్లు గుచ్చుకుంటే ఒడ్డుకొచ్చి, ఒళ్ళు కాలనంత వేడి నీళ్ళలో పాదం ముంచి వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి.

గంటన్నర చాలు. అలసిన చేతులతో ‘ఇంకొక్క అల’ అనుకున్నప్పుడే ప్రమాదాలు జరుగుతాయి.

లాగుడు ప్రవాహం

అల విరగని చోటు గుర్తుపెట్టుకోమన్నాను కదా. కొత్తవాళ్ళకు అది ప్రశాంతమైన చోటులా కనిపిస్తుంది. నిజానికి ఒడ్డుకు తోసుకొచ్చిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోయే కాలువ అది. రిప్ కరెంట్ అంటారు. ముదురు రంగు, అటూ ఇటూ తెల్లనురుగు, మధ్యలో చదునుగా గరగరలాడే నీళ్ళు, లోపలికి కొట్టుకుపోతున్న నురుగు, ఇవి గుర్తులు. కొన్నిసార్లు అది సెకనుకు 2 మీటర్ల వేగం అందుకుంటుంది. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీది గెలవలేడు.

అందులో చిక్కుకుంటే అది మిమ్మల్ని కిందికి లాగదు, లోపలికి తీసుకెళ్తుంది, అంతే. బోర్డును వదలకండి. దాని మీద పడుకుని ఊపిరి సర్దుకోండి. ఒడ్డుకు సమాంతరంగా, అలలు విరుగుతున్న వైపుకు తెడ్డేసి, ప్రవాహం దాటాక నురుగుతోపాటు ఒడ్డుకు రండి. చేతకాకపోతే చెయ్యి పైకెత్తి ఊపండి, లైఫ్‌గార్డులు ఆ సైగ కోసమే చూస్తుంటారు. చిక్కుకుని చనిపోయేవాళ్ళు ఎక్కువగా ఎదురీది అలిసిపోయినవాళ్ళే. మీతో వచ్చినవాళ్ళందరికీ, ఒడ్డున కూర్చునేవాళ్ళకు కూడా, ఈ పేరా చదివి వినిపించండి.

ఏడో అడుగు: అల ఎవరిది

నురుగు దాటి విరగని అలల దగ్గరికి వెళ్ళే రోజు వస్తుంది. అక్కడ రాయని చట్టం ఒకటుంది. అల మొదట విరిగే శిఖరానికి ఎవరు దగ్గరగా ఉంటే అల వాళ్ళది. వాళ్ళు లేచాక ముందు దూరడం పెద్ద తప్పు. తిరిగి లోపలికి వెళ్ళేటప్పుడు అల మీద వస్తున్నవాళ్ళ దారికి అడ్డంగా కాకుండా చుట్టూ తిరిగి వెళ్ళాలి. పెద్ద నురుగు మీదికొస్తే భయపడి బోర్డు వదిలేయకండి, మీ వెనక మనిషి ఉండొచ్చు. బోర్డు అంచులు గట్టిగా పట్టుకుని తాబేలులా తలకిందులై, నురుగు పైనుంచి పోయాక తిరిగి లేవాలి. తప్పు జరిగితే వెంటనే సారీ చెప్పండి. ఆ అలల మీద పుట్టి పెరిగినవాళ్ళకు మనం అతిథులం.

మధ్యాహ్నం

నీడ, తిండి, నీళ్ళు, నిద్ర. ఉప్పునీళ్ళలో ఉన్నంతసేపూ చెమట తెలియదు, కాబట్టి దాహం లేకపోయినా తాగండి. చెవుల్లో నీరు తుడుచుకోండి. ఏళ్ళ తరబడి చల్లటి నీళ్ళలో సర్ఫింగ్ చేసేవాళ్ళకు చెవిగొట్టంలో ఎముక పెరుగుతుంది, వాళ్ళకు చెవి బిరడాలు అవసరం.

ఎనిమిదో అడుగు: సాయంత్రం చక్రాలు

ఎండ వాలాక బోర్డు తీయండి. పార్క్‌కి చేరగానే ముందు చీపురు పట్టండి. తీరపు పార్కుల్లో గాలికి ఇసుక వచ్చి సరిగ్గా వాలు మొదట్లో పేరుకుంటుంది. అక్కడ చక్రం లాక్కుని ఆగుతుంది. ఆ చీపురు పట్టిన కొత్త మనిషిని పార్క్‌లో అందరూ గౌరవంగా చూస్తారు, ఇది నేను చాలా చోట్ల చూశాను.

తర్వాత పది నిమిషాలు గట్టు మీద నిలబడి ఎవరెవరు ఏ దారిలో వెళ్తున్నారో చూడండి. ప్రతి స్కేటరుకీ ఒక గీత ఉంటుంది: ఎక్కడ దిగుతారు, ఎక్కడ తిరుగుతారు, ఎక్కడ ఆగుతారు. వంతు కోసం బోర్డు తోక మీద కాలు వేసి, అంచు దగ్గర నిలబడితే ‘నేనున్నాను’ అని చెప్పినట్టే. ఒకరు ఆగాకే ఇంకొకరు దిగాలి. బౌల్ అడుగున కూర్చోకూడదు. బోర్డు చేతులు దాటి పరుగెడితే గట్టిగా ‘బోర్డ్’ అని అరవాలి.

నేర్చుకునే వరస ఇది. చదునులో నెట్టుకుంటూ వెళ్ళడం, పాదంతో ఆపడం. తర్వాత ముందు చక్రాలు కాస్త ఎత్తి తిరిగే కిక్‌టర్న్, మొదట నేల మీద, తర్వాత చిన్న వాలు మీద. ఆ తర్వాత పంపింగ్: వాలు దిగేటప్పుడు కాళ్ళు చాచి నొక్కడం, ఎక్కేటప్పుడు మోకాళ్ళు మడిచి తేలికవడం. ఇక్కడ ఒక్కసారి పొద్దుటి అలను గుర్తు తెచ్చుకోండి. మోకాళ్ళు మడవడం, చూపు వెళ్ళాలనుకున్న వైపు పెట్టడం, భుజం తిప్పితే బోర్డు తిరగడం, అంతా అదే. నీళ్ళలో ఒక పొద్దుకు పది పదిహేను అలలు దొరికితే గొప్ప, ఒక్కో అల కొన్ని సెకన్లు. సిమెంటు వాలు మీద గంటలో ఆ మలుపు రెండొందల సార్లు చేయొచ్చు. కాలికి నేర్పడానికి ఇంతకంటే మంచి బడి లేదు.

అంచు మీద నుంచి దిగే ‘డ్రాప్ ఇన్’ ఎవరో ఎగదోశారని చేయకండి. పంపింగ్ బాగా వచ్చాక, మోకాలెత్తు వాలు నుంచి మొదలుపెట్టండి. తోకను అంచు మీద వెనక పాదంతో నొక్కి ఉంచి, ముందు పాదాన్ని ముందు బోల్టుల మీద పెట్టండి. నిర్ణయించుకున్నాక ఛాతీని ముందుకు వంచి ఒక్క తొక్కుతో ముందు చక్రాలను వాలుకు ఆనించాలి. సగం మనసుతో వెనక్కి వాలితే బోర్డు ముందుకు జారి, మీరు వీపు మీద పడతారు.

పడేటప్పుడు చేతులు కర్రల్లా చాచకండి, మణికట్టు విరిగేది అక్కడే. ఒళ్ళు ముడిచి భుజం మీదుగా దొర్లండి. వాలు మీదైతే మోకాలి ప్యాడ్ల మీద జారడం సాధన చేయండి. తలకు దెబ్బ తగిలి తల తిరగడం, వాంతి, అయోమయం ఏది కనిపించినా ఆ రోజు ఆట అయిపోయింది, ఆసుపత్రికి వెళ్ళాలి. ఒళ్ళు బాగానే ఉందనిపించినా తర్వాతి పొద్దు అలలు కూడా వద్దు.

వీధుల్లో తిరిగేటప్పుడు ఊరివాళ్ళ నిద్ర గుర్తుంచుకోండి. గట్టి చక్రాల చప్పుడు సందులో చాలా దూరం వినిపిస్తుంది. స్మారకాలు, కూర్చునే బల్లలు మీ సాధనకు కాదు.

తొమ్మిదో అడుగు: ఉప్పుతో పోరు

సముద్రపు గాలి బేరింగులను రోజుల్లో తుప్పు పట్టిస్తుంది. స్కేట్‌బోర్డును ఇసుకలో పెట్టకండి, తడి బట్టలతో ఒకే సంచిలో వేయకండి. నాలుగైదు రోజులకొకసారి బేరింగులు తీసి, పక్క మూత ఊడదీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగి, పూర్తిగా ఆరాక ఒక్కొక్క దాంట్లో రెండు చుక్కల నూనె వేయండి. నీళ్ళతో కడగొద్దు. వెట్‌సూట్, కాలి తాడు రోజూ మంచినీళ్ళలో జాడించి నీడలో ఆరేయండి, ఎండ రబ్బరును పెళుసు చేస్తుంది.

అలలు లేని రోజు, అలలు ఎక్కువైన రోజు

రెండూ వస్తాయి. సముద్రం పెద్దదైన రోజు ఒడ్డున కూర్చుని చూడండి, స్థానికులు ఎక్కడ దిగుతున్నారో, ఎంతసేపు ఎదురుచూసి అల ఎంచుకుంటున్నారో గమనించండి. చదునుగా పడి ఉన్న రోజు సర్ఫ్‌స్కేట్ దొరుకుతుందేమో వాకబు చేయండి. దాని ముందు ట్రక్కు అటూ ఇటూ బాగా తిరుగుతుంది, కాలు నేలకు తాకకుండా ఒంటి మెలికతోనే ముందుకు సాగొచ్చు. మెల్లటి వాలున్న ఖాళీ పార్కింగ్ చోటు చాలు. 1950ల నాటి కుర్రాళ్ళు చేసింది ఇదే.

ఒక చిన్న నోటుపుస్తకం మాత్రం మరవకండి. రోజూ రాత్రి ఐదు వరసలు రాయండి: దిగిన వేళ, అల ఎత్తు, వ్యవధి, గాలి వైపు, పోటా ఆటా. పక్కన ఎన్ని అలలు అందాయి, పార్క్‌లో ఏ మలుపు కుదిరింది. వారం తిరిగేసరికి ఆ తీరం ఏ వేళ, ఏ గాలికి మీకు అనువుగా ఉందో పేజీల్లో కనిపిస్తుంది. మళ్ళీ ఆ ఊరికి వెళ్ళే ముందు రోజు తెరవాల్సింది ఆ పేజీలే.